బిల్లు లేనిదే బజ్జీ తినని మనిషి

ఆలూరులో ఓబుళేశు గారు బిల్లు ఇవ్వనివారి చేతి బజ్జీ ముట్టరు. బజ్జీ అన్నది ఉదాహరణ మాత్రమే. కొబ్బరికాయ, క్షవరం, చెప్పుకు వేయించుకున్న కుట్టు, సంతలో కొన్న కరివేపాకు రెబ్బ, ఏదైనా సరే, చీటీ చేతికి రానిదే ఆయన జేబులోంచి రూపాయి బయటికి రాదు. ఆయన ఇంటి మేడమీది గదిలో అద్దెకుంటున్నాను కనుక ఈ వ్యాధిని అతి సమీపం నుంచి గమనించే అవకాశం నాకు దక్కింది. సామాజిక పరిశోధనలో శిక్షణ పొందినదాన్ని. గమనించిన దానిని రాగద్వేషాలు లేకుండా నమోదు చేయాలని మా ఆచార్యులు నేర్పారు. ఈ ఒక్క విషయంలో ఆ నియమం పాటించడం నా వల్ల కాదు. ఇది ఫిర్యాదు. దీనిని ప్రశంసగా చదువుకునేవారు నాకు అన్యాయం చేసినవారవుతారు.

ఓబుళేశు గారి వృత్తి రాయడం. ఎవరి కిందా ఉద్యోగం లేదు. అడిగినవారికి అడిగినది రాసిపెట్టి డబ్బు తీసుకుంటారు. నాయకులకు ఉపన్యాసాలు, సేద్యం నుంచి వ్యాపారంలోకి వెళ్లిన కుటుంబాలకు వంశచరిత్రలు, మంగంపేటలో ముగ్గురాయి గని యజమాని ఒకాయనకు జీవితచరిత్ర, ఎర్రగుంట్ల సిమెంటు లారీల డ్రైవర్లు కునికిపాట్లు పడకుండా ఒక నాటిక. నాదీ దాదాపు అదే బతుకు. వలసకూలీల మీద అధ్యయనానికి ఈ ఊరు వచ్చాను. ఆ ప్రాజెక్టు ముగిశాక ఇక్కడే ఉండిపోయి, బెంగళూరు, హైదరాబాదు సంస్థలకు నివేదికలు రాసి పంపుతున్నాను. ఆ సంస్థలు నాకిచ్చే డబ్బులో ముందే పన్ను కోసుకుని మిగిలింది ఇస్తాయి. కోసిన దానిని వెనక్కి తెచ్చుకోవాలంటే రిటర్ను వేయాలి. అది ఎలా వేయాలో అడగడానికి ఊళ్లో నాకు తెలిసిన రచయిత ఒక్కరే. మెట్లు దిగి వెళ్లి అడిగాను.

"బిల్లులుండాయా?" అన్నారు ఓబుళేశు గారు.

"వేటికి సార్?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "నువ్వు రాయల్లంటే బతికుండల్లనా, వద్దా? బతికుండల్లంటే తినల్ల. తిన్నదానికి బిల్లు యాడ?"

"తిండి వ్యాపార ఖర్చు ఎలా అవుతుంది సార్?"

అంతే, ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అదీ! అందరూ ఇదే మాట. రాసేటోళ్లకు ఖర్చేముంటాదప్పా, పెన్నూ కాగితమే కదా అంటాండారు. టైలరుకు కత్తెర ఖర్చంట. లాయరుకు కోటు ఖర్చంట. రాసేటోడు మాత్రం గాలి పీల్చి రాస్తాడంట! ఒక్కొక్క వాక్యానికి ఎంత కాఫీ పోతాదో ఎవనికన్నా తెలుసునా?"

ఆ ఆగ్రహంలో న్యాయముందని నాకు తోచింది. నా పనికీ కంప్యూటరు, ఇంటర్నెట్టు, పల్లెలకు ఆటోలు కావాలి. అయినా అద్దెకు ఇల్లు చూపించినవారందరూ నన్ను "ఖాళీగా ఉంటావు కదమ్మా" అని పలకరించినవారే. అందుకే ఆయనకు శిష్యురాలినయ్యాను. అక్కడే నా పతనం మొదలైంది.

ప్రతి బిల్లు మీదా 'ప్రయోజనం' అని ఒక గడి ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. ఆ ఖర్చు రాతకు ఎలా ఉపయోగపడిందో ఆ గడిలో రాయాలి. ఆయన క్షవరం బిల్లు నేను కళ్లారా చూశాను: 'ప్రయోజనం: పుస్తకం వెనుక అట్టపై రచయిత ఛాయాచిత్రం'. ఆ పుస్తకం ఇంకా అచ్చు కాలేదు. క్షవరాలు మాత్రం నెలనెలా జరుగుతున్నాయి.

ఆయన మాటమీద నేనూ ఒక ఆదివారం సంతలో టమాటాలు కొని, బిల్లు కావాలని మర్యాదగా అడిగాను. ఆ అమ్మాయి తక్కెడ కింద పెట్టింది. "యాడ్నించి వచ్చినావక్కా?" అని అడిగింది. బస్టాండు దగ్గరి నుంచి అన్నాను. ఆమె నమ్మలేదు. పక్కామె చెవిలో ఏదో చెప్పింది. "పన్నులోళ్లంట" అన్న మాట వంకాయల దాకా, అక్కణ్నించి ఉల్లిగడ్డల దాకా పాకింది. నేను తేరుకునేలోపు ఆ వరుసంతా గోనెలు చుట్టుకుని మాయమైపోయింది. టమాటాలు మాత్రం నా సంచిలో ఉచితంగా మిగిలాయి. డబ్బిద్దామని ఆ అమ్మాయి వెంట సంత అంచుదాకా పరుగెత్తాను. వెనక పన్నుల అధికారి తరుముతుంటే ఎవరు ఆగుతారు?

ఈ లోకంలో ఓబుళేశు గారు మనస్ఫూర్తిగా గౌరవించే వర్గం ఒక్కటే, ఆర్టీసీ కండక్టర్లు. అడగకముందే చీటీ చించి ఇచ్చే మహానుభావులని బస్సు ఎక్కిన ప్రతిసారీ వారికి నమస్కరిస్తారు. మిగతా లోకంతో ఆయనది నిత్యయుద్ధం. పోయిన మాఘమాసంలో జరిగిన ఒక పెళ్లిలో చదివింపులు చదివించి, పుస్తకంలో పేరు రాసుకుంటున్నాయన ముందు చెయ్యి చాపి నిలబడ్డారు. మైకు పట్టుకున్నాయన అలవాటు చొప్పున అంతా చదివేశాడు. "ఓబుళేశు గారు, ఐదువందల పదహార్లు, వధూవరులకు ఆశీస్సులు... ఏంది సార్? బిల్లా? బిల్లు అడుగుతాండారప్పా!" పందిరంతా గొల్లుమంది. పెళ్లికూతురు తలంబ్రాల మధ్య నుంచి తల ఎత్తి చూసింది. నేను ఎవరితో వచ్చానో ఎవరికీ తెలియకూడదని పక్క పంక్తిలోకి జరిగి కూర్చున్నాను.

ఇంట్లో నాగలక్ష్మమ్మ అక్క ఆయనకు తగిన ఇల్లాలు. ఒకనాడు కాఫీ గ్లాసు తీసుకుంటూ ఆయన పరధ్యానంగా "బిల్లు?" అన్నారు. ఆమె లోపలికి వెళ్లి, క్యాలెండరు చించి దాని వెనుక రాసిన కాగితం తెచ్చి ఇచ్చింది. పెళ్లయిన నాటి నుంచి పెట్టిన కాఫీలు, వండిన వంటలు, ఉతికిన పంచెలు, వంశచరిత్రల కోసం వచ్చిన పెద్దమనుషులకు పోసిన మజ్జిగ, అన్నీ అందులో ఉన్నాయి. ప్రయోజనం గడిలో 'నా ఖర్మ' అని ఉంది. ఇంటిచాకిరీకి విలువ కట్టడం గురించి నేను చదివిన గ్రంథాల్లో ఇంత సూటైన పత్రం మరొకటి లేదు. ఓబుళేశు గారు దానిని రెండుసార్లు చదివి, కింద 'బాకీ నిజమే' అని రాసి, సంతకం పెట్టి తిరిగి ఇచ్చారు. ఆ రోజు నుంచి ఆమె దగ్గర బిల్లు అడగలేదు. కాఫీ గ్లాసు మాత్రం తానే కడుగుతున్నారు.

అయితే అందరికంటే ఎక్కువ బాధ పడింది గిడ్డమ్మ. బస్టాండు ఎదుట నాలుగు గుంజలు, పైన టార్పాలిను, ఒక బల్ల, ఒక గ్యాసు పొయ్యి. బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అక్కడ తిన్నవాడు మళ్లీ ఆ దారినే వస్తాడు. ఓబుళేశు గారు తన పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులోనే ఆమె పేరున బిల్లు పుస్తకాలు వేయించి తెచ్చారు: 'గిడ్డమ్మ టిఫిన్ సెంటర్, బస్టాండు ఎదుట, ఆలూరు'. చించి ఇచ్చే కాగితం కింద కార్బన్ నకలు కూడా మిగిలేలా. ఆమె ససేమిరా అంది. ఆయన బతిమాలిన తీరు ఊరంతా చెప్పుకుంటారు.

"నీ పుణ్యముంటాది గిడ్డమ్మా. ఒక్క చీటీ రాసియ్యి. లేకుంటే గవర్నమెంటోళ్లు నన్ను నమిలేస్తారు."

"అయ్యో పాపం," అని గిడ్డమ్మ కరిగిపోయింది. చిన్నప్పుడు నేర్చిన నాలుగు అక్షరాలను వెతుక్కుంటూ తొలి బిల్లు రాసింది. 'ఉగ్గాని ఒకటి, బజ్జీ రెండు. ప్రయోజనం: కర్నూలు జిల్లా పడమటి ప్రాంతపు ఆహార సంస్కృతిపై వ్యాసం.' అది ముగిసేసరికి బాణలిలో వాయి అంతా నల్లబడింది.

"మీ ప్రయోజనానికి నా బజ్జీలు మాడె కదా సామీ!" అని కేకలు వేసింది. మరునాడు ఆయన మళ్లీ వచ్చారు. "మల్లా అదంతా రాయల్లనా?" "రాయల్ల." గిడ్డమ్మ కాసేపు ఆలోచించి ప్రయోజనం గడిలో 'అదే' అని రాసింది. ఆనాటి నుంచి ఏళ్ల తరబడి 'అదే'.

ఈ ఎండాకాలంలో బస్టాండు రోడ్డు వెడల్పు చేస్తారన్న కబురు వచ్చింది. రోడ్డు పక్క అంగళ్లన్నీ తీసేస్తారు. వెనుక కొత్తగా గదులు కడతారు. ఏళ్లుగా అక్కడే వ్యాపారం చేస్తున్నట్టు ఆధారం చూపినవారికే గది. గిడ్డమ్మకు ఆధారం ఏముంది? ఫోనులో డబ్బు పడినప్పుడల్లా మోగే డబ్బా ఆమె బల్లమీదే ఉంటుంది, కానీ అది ఎర్రగుంట్లలో పనిచేసే అల్లుడు హనుమన్న ఖాతా. వేయించేది ఆమె, చేతులు కాల్చుకునేది ఆమె, లెక్కల్లో వ్యాపారి హనుమన్న! దీనిమీద నేను ఆ రాత్రే ఒక నివేదిక మొదలుపెట్టాను. చుట్టుపక్కలవారి వాంగ్మూలాలు సేకరించాను, పటం గీశాను, పట్టికలు కట్టాను. ఇక దీనికి తోడుగా గట్టి అర్జీ ఒకటి కావాలని ఓబుళేశు గారి దగ్గరికి వెళ్లాను.

"అర్జీలు రాయను నేను," అన్నారాయన.

"గని యజమానికి జీవితచరిత్ర రాస్తారు, గిడ్డమ్మకు ఒక పేజీ రాయలేరా?"

"రాయను. ఉగ్గాని తినేకి పోతాండా."

ఆ క్షణాన ఆయనమీద నాకున్న గౌరవమంతా మెట్లమీదే జారిపోయింది. అయినా రిటర్ను గడువు దగ్గరపడింది కనుక ఆయన వెంట ఆదోనిలో పన్ను లెక్కలు చూసే వసంతకుమార్ గారి ఆఫీసుకు వెళ్లక తప్పలేదు. ఏడాది పొడవునా అవమానాలు పడి కూడబెట్టిన బిల్లుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ఇవేందమ్మా?" అన్నారు వసంతకుమార్.

"ఖర్చుల ఆధారాలు. తేదీల వారీగా, వర్గాల వారీగా అమర్చాను."

"ఎవరు తెమ్మన్యారు?"

నేను ఓబుళేశు గారి వైపు చూశాను. ఆయన గోడమీది క్యాలెండరు వైపు చూస్తున్నారు.

వసంతకుమార్ గారు నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసేశారు. "మీ అట్లా చిన్న రాబడోళ్లకు సులువు దారి ఒకటుండాదమ్మా. వచ్చినదాంట్లో సగం ఆదాయమని చూపిస్తే చాలు. మిగతా సగం ఖర్చు కిందనే లెక్క. బిల్లులెవరూ అడగరు. సార్‌కు శానా ఏండ్ల నుంచి అట్లనే చేస్తాండా. ఒక్క చీటీ చూపించినోడు కాదు."

"సార్‌కు ఈ సంగతి తెలుసా?"

"నాకు చెప్పిందే ఆయనప్పా!"

నా మనఃస్థితిని వర్ణించడానికి శాస్త్రీయ పరిభాష లేదు. సంత, టమాటాలు, పెళ్లిపందిరి, మెడికల్ షాపులో తలనొప్పి మాత్రకు 'ప్రయోజనం: నివేదిక మూడవ అధ్యాయం' అని రాయించుకున్న రోజు, అన్నీ వరుసగా కళ్లముందు తిరిగాయి. వీధిలోకి రాగానే నిలదీశాను.

"సార్, ఇది మోసం. ఊరంతటినీ ఏళ్ల తరబడి ఏడిపించారు. నన్ను కూడా!"

"బస్సు వచ్చె, పా," అన్నారు ఓబుళేశు గారు.

బస్సులో కండక్టరుకు యథాప్రకారం నమస్కరించి టికెట్లు తీసుకున్నారు. "నీది కూడా దాచిపెట్టుకో," అన్నారు. నేను దానిని కిటికీలోంచి పారేయబోయి, తనిఖీవాళ్లు గుర్తొచ్చి ఆగాను. ఆలూరు దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.

వారం తిరగకముందే పరిశీలనకు అధికారులు వచ్చారు. పెద్ద అధికారి నెమ్మదైన మనిషి. నా నివేదిక పేజీ పేజీ తిప్పి చూశారు.

"బాగా రాశారమ్మా. కానీ ఇవన్నీ ఈ నెలలో చెప్పిన మాటలు. ఈమె ఏళ్ల కిందటి నుంచి ఇక్కడ ఉన్నట్టు అప్పటి కాగితం ఏదైనా ఉందా? ఫోను ఖాతా చూస్తే హనుమన్న అని వస్తోంది. ఆయన్ని రమ్మనండి."

"వాడు తినేకి తప్ప ఈడికి ఎన్నడూ రాలే సార్," అంది గిడ్డమ్మ. "ఈ పొయ్యి పోతే నేను యాడికి పోవల్ల సార్? మల్లా గుంటూరు దిక్కు మిరపకాయ కోతకు పోవల్ల. ఈ మోకాళ్లతో పోగలనా?"

అంతలో వెనుక నుంచి ఒక గొంతు వినిపించింది.

"గిడ్డమ్మా, నా బిల్లు?"

ఓబుళేశు గారు. చేతిలో ఖాళీ పళ్లెం.

"సార్!" అని అరిచాను. నాతోపాటు బస్టాండు సగం అరిచింది. గిడ్డమ్మ ముఖం ఎర్రబడింది. "ఈ మనిషొకడు! నా బతుకు బజారున పడతాంటే బిల్లంట బిల్లు! ఇంద, తీసుకో సామీ నీ బిల్లు, అన్నీ తీసుకో!" అంటూ బల్ల మీది బిల్లు పుస్తకం విసిరికొట్టింది. కోపం తీరక కిందికి వంగి, బల్లకాలు కుంటకుండా ఎత్తుకు పెట్టిన పాత బిల్లు పుస్తకాల కట్ట కూడా లాగి విసిరింది. బల్ల ఒరిగింది. ఉగ్గాని గిన్నె జారి, అధికారి వెంట వచ్చిన గుమాస్తా పట్టుకోకపోతే నేలపాలయ్యేది.

కట్ట సరిగ్గా అధికారి కాళ్ల దగ్గర పడింది. ఆయన వంగి తీశారు. ఒక నకలు చూశారు. మరొకటి చూశారు. దుమ్ము దులిపి అట్టడుగు పుస్తకం తెరిచారు. అంగడి పేరు, చోటు, తేదీ, గిడ్డమ్మ సంతకం.

"ఇవి నీవేనా అమ్మా?"

"నావే సార్. ఈయప్ప పోరు పడలేక రాసినవి."

"ఈ ఓబుళేశు ఎవరు? రోజూ తిన్నాడా?"

"రోజూ సార్. జరమొచ్చినా వచ్చి తిన్యాడు."

అధికారి తొలి బిల్లులోని ప్రయోజనం గట్టిగా చదివారు. చదువుతూంటేనే ఆయన మీసాలు కదిలాయి. "ఆహార సంస్కృతిపై వ్యాసం. మరి రాశాడా?"

"లేదు సార్," అంది గిడ్డమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఇంకా తింటాండాడు."

గుమాస్తా గిన్నె కింద పెట్టి మరీ నవ్వాడు. అధికారి నవ్వుతూనే తన కాగితాల్లో గిడ్డమ్మ పేరు రాసుకున్నారు. ఆ వెనుక పూల కృష్ణవేణమ్మ ఒక బిల్లు పుస్తకం పట్టుకుని వచ్చింది, సోడాబండి బసవరాజ్ ఇంకొకటి తెచ్చాడు. అన్నీ ఒకే ప్రెస్సువి. నా నివేదిక గిడ్డమ్మ బల్లకాలి కిందికి చేరింది. ఎత్తు సరిపోయిందని ఆమె సంతోషించింది కూడా.

సాయంత్రం నాగలక్ష్మమ్మ అక్క దగ్గర కూర్చుని నిజం రాబట్టాను. "మారెన్న తెలుసు కదమ్మా, చెప్పులు కుట్టే ఆయప్ప? మునుపు రోడ్డు వేసినప్పుడు ఆయప్ప జాగా పోయ. మీ సార్ ఏడు పేజీల అర్జీ రాసిచ్చె. ఆధారాలు జత చేయలేదని తిప్పి పంపిరి. మారెన్న ఇప్పుడు కాలవ గట్టున కూర్చుంటాండాడు. ఆ పొద్దు నుంచి ఈ మనిషి అర్జీ అనే మాట ఎత్తితే ఒట్టు. బిల్లు పుస్తకాలు పట్టుకుని తిరగబట్టె."

"అదే మాట గిడ్డమ్మకు చెప్పొచ్చు కదక్కా?"

"మొదట చెప్పినాడు. నీ మంచికే రాసుకో అంటే ఒక్కరూ వినలే. నాకు సాయం చేయండని అడుక్కుంటే అందరూ రాసిరి."

ఓబుళేశు గారు వసారాలోంచి గద్దించారు. "అదేం గాదు! అంత బాగా రాసిన అర్జీని తిప్పి పంపుతారా? నా రాతకు ఎంత అవమానం! ఆ రోషం, అంతే. నువ్వు ఇంకోలా ఊహించుకోవద్దు."

"మరి నన్నెందుకు ఏడిపించారు సార్?"

"నేనొక్కన్నే అడిగితే బాగుండదు కదమ్మా. ఇద్దరం అడిగితే అంగళ్లోళ్లకు అలవాటైతాది."

అంటే ఏడాదిపాటు నేను పరిశోధకురాలిని కాను, పరికరాన్ని. ఈ అవమానానికి ఏ సంస్థ పరిహారం ఇస్తుంది?

కొత్త గది తెరిచిన రోజు అందరం వెళ్లాం. గిడ్డమ్మ ఓబుళేశు గారికి అరిటాకులో వడ్డించింది. మారెన్నకు గది మెట్టు పక్కన నీడపట్టున గోనె పరిచి చోటిచ్చింది. తిన్నాక ఓబుళేశు గారు డబ్బు తీశారు.

"ఈ పొద్దు దుడ్లు వద్దు సామీ."

"దుడ్లు తీసుకోకుంటే బిల్లు ఎట్ల రాస్తావు?" అని ఆయన మండిపడ్డారు.

గిడ్డమ్మ కొత్త పుస్తకం తెరిచి, నిదానంగా రాసి, చించి చేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివారు. 'ఉగ్గాని ఒకటి, బజ్జీ రెండు. మొత్తం: వ్యాసం రాసినాక.'

"ప్రయోజనం గడి ఖాళీగా ఉండాదే?"

గిడ్డమ్మ చీటీ తిరిగి తీసుకుని ఒక్క మాట రాసింది. 'అదే.' ఓబుళేశు గారు దానిని నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకుని, పైనుంచి ఒకసారి తట్టుకున్నారు.

నా పళ్లేనికి మాత్రం గిడ్డమ్మ పూర్తి ధర తీసుకుంది. బిల్లు అడిగాను.

"నీకేంటికమ్మా?" అంది ఆమె, బాణలిలో మరో వాయి వేస్తూ. "నీ పన్నులోకి పనికి రాదంట కదా. ఓబుళేశప్ప చెప్పినాడు."